ఈశ్వరీబాయి: ఒక్క మార్కు బిట్‌లో పట్టని జీవితం

దిల్‌సుఖ్‌నగర్: మెట్రో పిల్లర్ల పక్కన గల్లీల్లోకి వెళ్తే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు. గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యే వాళ్ల చేతుల్లో స్పైరల్ బైండింగ్ చేసిన మెటీరియల్. గ్రూప్-2 నాలుగో పేపర్ తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. ఆ మెటీరియల్‌లో ఒక పేరు తప్పకుండా కనిపిస్తుంది. జెట్టి ఈశ్వరీబాయి. 1967లో ఏ నియోజకవర్గం నుంచి గెలిచారు, ఏ పార్టీ నుంచి గెలిచారు, అంతే. ఆన్సర్ ఎల్లారెడ్డి, రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా. పక్కన టిక్ పెట్టి తర్వాతి బిట్‌కు వెళ్లిపోతారు. నేనూ ఒక ఏడాది అలాగే వెళ్లిపోయాను.

మళ్లీ ఆ పేరు దగ్గర ఆగింది ఒక అమెరికన్ డాక్యుమెంటరీ వల్ల. షోలా లించ్ అనే నల్లజాతి మహిళా దర్శకురాలు తీసిన 'చిజోమ్ 72'. 2004లో సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో మొదటిసారి ప్రదర్శించారు, తర్వాత పీబాడీ అవార్డు వచ్చింది. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ షిర్లీ చిజోమ్, 1972లో అధ్యక్ష పదవికి డెమొక్రటిక్ పార్టీ టికెట్ కోసం పోటీ పడిన కథ అది. ఆమె కూడా మొదట టీచరే. చిన్నపిల్లల స్కూళ్లు నడిపి, బస్తీ సమస్యల మీద తిరిగి, ఆ తర్వాత రాజకీయాల్లోకి వచ్చారు. సినిమా చూస్తుంటే మన దగ్గర ఇలాంటి వాళ్లు ఎవరున్నారా అనిపించి వెతికితే, మళ్లీ ఆ ఒక్క మార్కు బిట్ దగ్గరికే వచ్చి ఆగాను.

చిజోమ్ పుట్టింది 1924 నవంబర్ 30న. ఈశ్వరీబాయి పుట్టింది 1918 డిసెంబర్ 1న. క్యాలెండర్‌లో పక్కపక్క రోజులు. ఒకరు బ్రూక్లిన్, ఇంకొకరు చిలకలగూడ.

రైల్వే వాళ్ల బస్తీలో

దిల్‌సుఖ్‌నగర్‌లో సికింద్రాబాద్ బస్సెక్కితే గంట లోపో, ట్రాఫిక్‌ను బట్టి గంట పైనో దిగొచ్చు. అక్కడి రైల్వే స్టేషన్ వెనక వైపు చిలకలగూడ. నిజాం రైల్వేలో పని చేసే కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఈశ్వరీబాయి తండ్రి బలరామస్వామిదీ రైల్వే ఉద్యోగమే. తల్లి రాములమ్మ. వాళ్లది దళిత కుటుంబం, మాల కులం.

ఆ కాలానికి దళిత బస్తీలో ఆడపిల్ల బడికి పోవడమే పెద్ద విషయం. సికింద్రాబాద్ అప్పుడు బ్రిటిష్ కంటోన్మెంట్ ఊరు కాబట్టి మిషన్ స్కూళ్లుండేవి, రైల్వే జీతం కాబట్టి నెలకింత అని డబ్బు వచ్చేది. ఈ రెండూ కలిసి ఆమెకు తలుపు తెరిచాయి. ముందు ఎస్పీజీ మిషన్ స్కూల్, తర్వాత కీస్ హైస్కూల్. ఈ కీస్ హైస్కూల్ పేరు గుర్తుపెట్టుకోండి. కొన్నేళ్ల తర్వాత ఇంకో దళిత అమ్మాయి ఇదే బడిలో చదివింది. వాళ్లిద్దరూ తర్వాత ఎన్నికల్లో ఎదురెదురుగా నిలబడ్డారు.

చుట్టూ ఒక ఉద్యమం కూడా అప్పటికే నడుస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠి పోయేటప్పుడు చాదర్‌ఘాట్ వస్తుంది కదా, భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ భవన్ ఉన్నది అక్కడే. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, దళిత పిల్లల కోసం బళ్లు తెరిచి, జోగిని ఆచారానికి వ్యతిరేకంగా పని చేసిన మనిషి ఆయన. ఆయన 1939లో చనిపోయే నాటికి ఈశ్వరీబాయి వయసు 20. నగరంలో దళితులు సభలు పెట్టుకోవడం, తీర్మానాలు చేయడం, బళ్లు నడపడం కళ్ల ముందు చూస్తూ పెరిగిన తరం అది. 1942లో నాగ్‌పూర్‌లో అంబేడ్కర్ షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ పెట్టాక, 1944లో ఆయనే హైదరాబాద్ వచ్చి మాట్లాడాక, ఇక్కడి బస్తీల్లో ఆ ఊపు ఇంకా పెరిగింది. ఈశ్వరీబాయి రాజకీయం ఆ దారిలోనిదే.

పుణె వెళ్లి, తిరిగొచ్చి

చదువు మధ్యలోనే పెళ్లి. ఆమెకు 13 ఏళ్లు. వరుడు పుణెలో దంత వైద్యుడు జెట్టి లక్ష్మీనారాయణ, బాగా ఉన్న ఇల్లు. సికింద్రాబాద్ రైల్వే బస్తీ నుంచి చూస్తే ఆ రోజుల్లో అంతకన్నా మంచి సంబంధం దొరకదు. కానీ ఆ కాపురం నిలవలేదు. కూతురు గీత పుట్టిన తర్వాత ఆమె పుట్టింటికి తిరిగొచ్చేశారు.

ఈ ముక్కను చాలా వ్యాసాలు ఒక్క లైన్‌లో దాటేస్తాయి. అసలు విషయం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. అప్పుడు విడిగా ఉండటం అంటే ఈరోజు మనం అనుకునేంత ఈజీ కాదు. 1940ల్లో, చంటిపిల్లను ఎత్తుకుని, డబ్బున్న అత్తారింటి నుంచి చిలకలగూడకు వచ్చి, నా కాళ్ల మీద నేను నిలబడతానని నిర్ణయించుకోవడం. అన్నదమ్ముల మీద ఆధారపడి ఒక మూల ఉండిపోయినా ఎవరూ తప్పు పట్టరు. ఆమె మాత్రం ఉద్యోగం వెతుక్కున్నారు. సికింద్రాబాద్‌లోని పరోపకారిణి పాఠశాలలో టీచర్‌గా చేరారు. సాయంత్రాలు ట్యూషన్లు.

చిలకలగూడలో ఉంటే భాషలు వాటంతటవే వస్తాయి అంటారు. ఇంట్లో తెలుగు, బయట ఉర్దూ, బడిలో ఇంగ్లీష్, పుణెలో మరాఠీ. ఈ భాషలే తర్వాత ఆమెకు పార్టీ పనిలో బాగా ఉపయోగపడ్డాయి. రిపబ్లికన్ పార్టీకి గుండెకాయ మహారాష్ట్ర. అక్కడి నాయకులతో వాళ్ల భాషలో మాట్లాడగలిగే ఆంధ్రప్రదేశ్ నాయకులు ఎంతమంది ఉంటారు?

గీతా స్కూల్

తర్వాత సొంతంగా బడి పెట్టారు. కూతురి పేరే పెట్టారు, గీతా విద్యాలయం. చిలకలగూడలోనే. బస్తీ పిల్లలకు చదువు, పేద ఆడవాళ్లకు కుట్టుపని, చేతిపనులు. పొద్దున పిల్లలు వస్తారు, తర్వాత వాళ్ల అమ్మలు వస్తారు. టీచరమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఊరికే కుట్టుమిషన్ గురించే మాట్లాడరు కదా. నల్లా రావట్లేదని, మోరీ నిండిపోయిందని, రేషన్ సరిగా ఇవ్వట్లేదని చెప్పుకుంటారు. బస్తీలో ఏ ఇంట్లో ఏం జరుగుతోందో కార్పొరేటర్ కన్నా టీచర్‌కే ముందు తెలుస్తుంది.

మరి టీచరే కార్పొరేటర్ అయితే? 1950ల మొదట్లో సికింద్రాబాద్ మున్సిపల్ ఎన్నికల్లో చిలకలగూడ నుంచి పోటీ చేసి కౌన్సిలర్‌గా గెలిచారు. అప్పటికి హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ వేర్వేరు కార్పొరేషన్లు. 1960లో గానీ కలవలేదు. 1952లో సివిక్ రైట్స్ కమిటీ పెట్టి నీళ్లు, కరెంటు, రోడ్లు, గుడిసెల మీద పని చేశారు. ఇప్పుడు మన ఛానల్‌లో కింద స్క్రోలింగ్‌లో పోయే వార్తల్లాంటివే. ఫలానా బస్తీలో మంచినీళ్ల కోసం మహిళల ధర్నా. ఆమె రాజకీయ జీవితంలో సగం ఇలాంటి స్క్రోలింగ్ వార్తే. మిగతా సగమే హెడ్‌లైన్.

1967: కీస్ హైస్కూల్ వర్సెస్ కీస్ హైస్కూల్

అంబేడ్కర్ చనిపోయిన తర్వాత 1957లో ఆయన అనుచరులు రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా ఏర్పాటు చేశారు. ఈశ్వరీబాయి ఆ పార్టీలో రాష్ట్ర స్థాయి నాయకురాలయ్యారు. అప్పుడు ఆంధ్రప్రదేశ్ అంటే కాంగ్రెస్. ప్రతిపక్షం అంటే కమ్యూనిస్టులు, స్వతంత్ర పార్టీ వాళ్లు. ఆర్పీఐ అంటే బస్తీల్లో, మాలపల్లెల్లో కొన్ని జెండాలు. డబ్బు లేదు, పత్రిక లేదు.

అలాంటి పార్టీ నుంచి 1967లో ఆమె అప్పటి నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డిలో పోటీకి దిగారు. ఇప్పుడది కామారెడ్డి జిల్లాలో ఉంది. ఎదుటి అభ్యర్థి చిన్న మనిషి కాదు. టి.ఎన్. సదాలక్ష్మి. సికింద్రాబాద్ పారిశుధ్య కార్మికుల కుటుంబాల నుంచి వచ్చి, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి డిప్యూటీ స్పీకర్‌గా, ఆ తర్వాత దేవాదాయ మంత్రిగా పని చేసిన కాంగ్రెస్ నాయకురాలు. ఆమే ఇందాక చెప్పిన కీస్ హైస్కూల్ రెండో అమ్మాయి.

ఒకసారి ఆలోచించండి. సికింద్రాబాద్‌లో ఒకే బడిలో చదివిన ఇద్దరు దళిత మహిళలు, ఒకరు మాల, ఒకరు మాదిగ వైపు. ఇద్దరికీ అంబేడ్కర్ అంటే ప్రాణం. ఒకరు అధికార పార్టీలోకి వెళ్లి పని చేయించాలనుకున్నారు, ఇంకొకరు సొంత పార్టీ ఉండాలనుకున్నారు. ఇద్దరూ వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పల్లెల్లో ఓట్లు అడుగుతున్నారు. ఈశ్వరీబాయి గెలిచారు. సినిమా తీసేవాళ్లకు ఇంతకన్నా మంచి సీన్ ఏం కావాలి?

సదాలక్ష్మి కథ మనకు చాలావరకు దక్కింది. గోగు శ్యామల ఆమె దగ్గర కూర్చుని విని, తెలిసిన వాళ్లను కలిసి 'నేనే బలాన్ని' అనే జీవిత కథ రాశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని 2011లో వేసింది. అలా ఒకరు కూర్చుని వినడం వల్లే అది మిగిలింది.

చెప్పు చూపించిన రోజు

ఈశ్వరీబాయి పేరు చెబితే పాతతరం వాళ్లకు ముందు గుర్తొచ్చేది ఈ ఘటనే.

1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడిని దొంగతనం చేశాడన్న ఆరోపణతో కట్టేసి సజీవంగా తగలబెట్టారు. ఇత్తడి సామాను పోయిందన్నది నింద. కారంచేడు, చుండూరు అందరికీ తెలుసు. వాటికి చాలా ఏళ్ల ముందే కంచికచర్ల జరిగింది. రాష్ట్రమంతా దళితులు రోడ్డెక్కారు. అసెంబ్లీలో దాన్ని గట్టిగా పట్టుకున్నది ఈశ్వరీబాయి. ఎమ్మెల్యే అయ్యి అప్పటికి ఏడాదే.

ఆ సమయంలో ఒక మంత్రి నోటి నుంచి దళితులను కించపరిచే మాటలు వచ్చాయి. సభలో ఆమె కాలి చెప్పు తీసి చూపించారు. అంతే. దళిత మహిళ, అది కూడా చిన్న పార్టీ ఎమ్మెల్యే, మంత్రికి చెప్పు చూపించడం అనేది అప్పటిదాకా ఎవరూ ఊహించని సీన్.

ఇప్పుడైతే ఏమయ్యేది? పది సెకన్ల క్లిప్, దాని మీద బ్రేకింగ్ ప్లేట్, సాయంత్రం డిబేట్, సభా మర్యాద గురించి నలుగురు మాట్లాడేవాళ్లు. క్లిప్ కోటి వ్యూస్ దాటేది, కోటేశు పేరు మాత్రం సగం మందికి తెలిసేది కాదు. వెబ్ డెస్క్‌లో కూర్చుని ఆ థంబ్‌నెయిల్ పెట్టేది మా లాంటి వాళ్లమే కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నా. ఆ రోజు కెమెరా లేకపోవడం వల్ల చెప్పు కథతో పాటు కోటేశు కథ కూడా కలిసే జనం నోట్లో ప్రయాణం చేసింది. రెండింటినీ విడదీసి చెప్పేవాళ్లు తక్కువ.

ఒక్క చెప్పుతోనే ఆమెను గుర్తుపెట్టుకోవడం కూడా అన్యాయమే. అసెంబ్లీలో ఆమె మాట్లాడింది హాస్టల్ పిల్లల స్కాలర్‌షిప్‌ల మీద, బంజరు భూముల మీద, ఆడపిల్లల చదువు మీద, వ్యవసాయ కూలీల మీద. కోపం ఒక్కరోజుది. ఈ పని రోజూ ఉండేది.

1969లో జైలు

1969 జనవరిలో విద్యార్థులతో మొదలైన ప్రత్యేక తెలంగాణ ఉద్యమం కొద్ది నెలల్లోనే ఉద్యోగులు, లాయర్లు, బస్తీ జనం దాకా పాకింది. ఉద్యోగాల్లో ముల్కీ నిబంధనలు అమలు కావట్లేదన్నది, పెద్దమనుషుల ఒప్పందాన్ని పక్కన పడేశారన్నది ప్రధాన ఆరోపణ. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. కాల్పుల్లో చనిపోయిన వాళ్ల సంఖ్య 369 అని ఉద్యమకారులు చెబుతారు.

ఈశ్వరీబాయి మొదటి నుంచీ ఆ ఉద్యమంలో ఉన్నారు. సభల్లో మాట్లాడారు, అరెస్టయ్యారు, జైలుకు వెళ్లారు. అసెంబ్లీలో పోలీసు కాల్పుల మీద ప్రభుత్వాన్ని నిలదీశారు. కాంగ్రెస్ నాయకులు మంత్రి పదవుల లెక్కలు వేసుకుంటున్న రోజుల్లో, పోగొట్టుకోవడానికి పదవి లేని మనిషి ఎలా మాట్లాడాలో అలా మాట్లాడారు.

ఆసక్తికరమైన విషయం ఏంటంటే, ఇదే ఉద్యమంలో సదాలక్ష్మి కూడా ఉన్నారు. రెండేళ్ల ముందు ఎల్లారెడ్డిలో ఒకరి మీద ఒకరు పోటీ చేసినవాళ్లు ఇప్పుడు ఒకే వైపు. తెలంగాణ ఉద్యమంలో మహిళల పాత్ర అని పరీక్షలో నాలుగు మార్కులకు రాసేటప్పుడు ఈ ఇద్దరి పేర్లూ ఒకే వాక్యంలో వస్తాయి. ఆ వాక్యంలో కామాకు అటు ఒకరు, ఇటు ఒకరు. ఆ కామా వెనక ఎంత కథ ఉందో మెటీరియల్ రాసేవాళ్లకు తెలుసో లేదో.

ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి విగ్రహం చూడని వాళ్లు మా ఏరియాలో ఉండరు. ఏటా నవంబర్ 29న, డిసెంబర్ 3న అక్కడ పూలదండలు, నినాదాలు. మలిదశ ఉద్యమం మాకు కళ్ల ముందే జరిగింది, అప్పటికి నాలాంటి వాళ్లం స్కూల్లో ఉన్నా సరే. తొలిదశ మాత్రం తాతల ముచ్చట. సరిగ్గా ఆ రెండు తేదీల మధ్యలోనే ఈశ్వరీబాయి పుట్టినరోజు వచ్చి పోతుంది. ఆ రోజు ఎల్బీనగర్‌లో ఎవరినైనా ఆపి అడిగితే ఎంతమంది చెప్పగలరు? గ్రూప్స్ వాళ్లను అడిగితే మాత్రం నియోజకవర్గం పేరు చెబుతారు.

1972: ఒకే ఒక్క సీటు

1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 సీట్లలో 10 గెలిచింది. జనం అంత స్పష్టంగా చెప్పాక ఏం జరగాలి? జరిగింది మాత్రం వేరే. అదే ఏడాది మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఉద్యమం నమ్మి రోడ్డెక్కిన వాళ్లు నడిబజార్లో నిలబడ్డట్టయింది.

విలీనం ఒప్పుకోని వాళ్లు సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పేరుతో 1972 అసెంబ్లీ ఎన్నికలకు వెళ్లారు. రాష్ట్రం మొత్తంలో ఆ పార్టీకి వచ్చింది ఒక్కటే సీటు. ఎల్లారెడ్డి. గెలిచింది ఈశ్వరీబాయి.

అంటే ప్రత్యేక తెలంగాణ అనే మాటను పార్టీ పేరులో పెట్టుకుని ఆ అసెంబ్లీలో కూర్చున్న ఎమ్మెల్యే ఆమె ఒక్కరే. పెద్ద కులాల, పెద్ద భూముల నాయకులు సర్దుకుపోయిన చోట, ఒక దళిత టీచరమ్మ మాట మీద నిలబడ్డారు. ఎల్లారెడ్డి ఓటర్లు కూడా నిలబడ్డారు, వాళ్లకూ క్రెడిట్ ఇవ్వాలి.

ఆ ఏడాది మొదట్లోనే, 1972 జనవరిలో, అమెరికాలో షిర్లీ చిజోమ్ అధ్యక్ష పోటీ ప్రకటించారు. గెలవరని ఆమెకూ తెలుసు, అందరికీ తెలుసు. అదే 1972లో బొంబాయిలో దళిత యువకులు అమెరికా బ్లాక్ పాంథర్స్ పేరు తీసుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు. సముద్రాలకు ఇవతల, అవతల ఉన్నవాళ్లు ఒకరినొకరు చూసుకుంటున్న సమయం అది. ఈశ్వరీబాయి, చిజోమ్ ఒకరి గురించి ఒకరు విన్నారని చెప్పడం లేదు. ఇద్దరూ ఒకే ఏడాది, గెలిచే గుంపుకు బయట నిలబడి పోటీ చేశారు. ఇక్కడ మాత్రం గెలిచారు.

కెమెరా ఎక్కడుంది?

'చిజోమ్ 72' చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఆ సినిమాకు ప్రాణం పాత ఫుటేజ్. ఆమె ప్రకటన చేసిన రోజు, ప్రచారం, పార్టీ కన్వెన్షన్, అన్నీ కెమెరాలో ఉన్నాయి. పైగా చిజోమ్ స్వయంగా కూర్చుని చెప్పారు. ఆ సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 2005 జనవరి 1న ఆమె చనిపోయారు. అంటే దర్శకురాలు సరైన టైమ్‌లో వెళ్లి తలుపు కొట్టారు.

మరి ఈశ్వరీబాయి? హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. అప్పటికి ఎమ్మెల్యేగా ఆమె రెండో విడత అయిపోవస్తోంది. కంచికచర్ల మీద ఆమె అరిచిన రోజు అసెంబ్లీలో ఉన్నది కెమెరా కాదు, రాసుకునే రిపోర్టర్లు. కాబట్టి ఆమె గొంతు మనకు దొరకాలంటే అసెంబ్లీ చర్చల పాత వాల్యూమ్‌లు తిప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే అరగంట లోపే అసెంబ్లీ స్టేషన్. అక్కడి రికార్డుల్లో 1967 నుంచి 1978 దాకా ఆమె మాట్లాడింది ఉంటుంది. చెప్పు చూపించిన రోజు రికార్డులో ఎంత ఉంచారు, ఎంత తీసేశారు అన్నది వెతికే వాళ్లకు పెద్ద పనే.

ఆన్‌లైన్‌లో వెతికితే నాకు ఎక్కువగా దొరికినవి జయంతి, వర్ధంతి సభల వీడియోలు. విగ్రహానికి దండ వేస్తున్న నాయకులు, మైక్ సరిగా పని చేయని స్టేజ్. తెలంగాణ వచ్చిన తర్వాత ప్రభుత్వం ఆమె జయంతి, వర్ధంతిని అధికారికంగా జరుపుతోంది, మంచిదే. ఈశ్వరీబాయి మెమోరియల్ ట్రస్ట్ ఏటా అవార్డులిస్తోంది. వెస్ట్ మారేడ్‌పల్లిలో విగ్రహం ఉంది, ఆమె పేరుతో నర్సింగ్ కాలేజీ ఉంది. వీటిని తక్కువ చేయడం లేదు. కానీ దండ వేసిన క్లిప్‌లో ఆమె ఉండరు, దండ వేసినవాళ్లుంటారు.

డాక్యుమెంటరీ తీయడం మన దగ్గర కుదరని పని ఏమీ కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఉంది. బడికి పెద్దగా పోని దళిత మహిళా రైతులు అక్కడ కెమెరా పట్టుకుని ఏళ్లుగా సినిమాలు తీస్తున్నారు. వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టాల మీద వాళ్లు తీసిన సినిమా విదేశాల దాకా వెళ్లింది. వాళ్లకు ట్రైపాడ్ ఎత్తు పెద్ద విషయం కాదు. ఎవరి కథ చెప్పాలో, ఎవరి దగ్గర కూర్చుని వినాలో తెలుసు. లక్షల రూపాయల డ్రోన్ షాట్లు లేకుండానే పని జరుగుతుందని వాళ్లను చూస్తే తెలుస్తుంది.

లేనిది టైమ్. 1967లో ఓటు వయసు 21. ఆ ఎన్నికల్లో మొదటిసారి ఈశ్వరీబాయికి ఓటేసిన ఎల్లారెడ్డి యువకుడు ఇప్పుడు ఎనభైకి అటూఇటూ ఉంటాడు. గీతా విద్యాలయంలో మొదట్లో పలకా బలపం పట్టిన పిల్లలు ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు. కుట్టుమిషన్ నేర్చుకున్న తల్లుల్లో ఎంతమంది మిగిలారో. 1969లో జైల్లో పక్క బ్యారక్‌లో ఉన్నవాళ్ల సంఖ్య ప్రతి ఏడాదీ తగ్గుతోంది. సభలు వచ్చే ఏడాది కూడా పెట్టుకోవచ్చు, ఇంటర్వ్యూలు అలా కాదు.

చివరి రోజులు

1978 తర్వాత ఆమె అసెంబ్లీలో లేరు. పార్టీ కూడా చీలికలు, పేలికలు అయింది. ఆ తర్వాత వచ్చిన ఎన్టీఆర్ గాలిలో చిన్న పార్టీలు చాలావరకు కొట్టుకుపోయాయి. అయినా ఆమె బస్తీ పనులు వదల్లేదు, దళితుల మీద దాడి ఎక్కడ జరిగినా మాట్లాడటం మానలేదు.

పుణె నుంచి ఎత్తుకొచ్చిన కూతురు డాక్టర్ అయ్యారు, కొన్నేళ్లు విదేశాల్లో ప్రాక్టీస్ చేశారు. 1989లో గజ్వేల్ నుంచి కాంగ్రెస్ టికెట్ మీద ఎమ్మెల్యేగా గెలిచి మంత్రి కూడా అయ్యారు. ఆమే జె. గీతారెడ్డి. ఇందులో చిన్న విచిత్రం ఉంది. తల్లి జీవితమంతా కాంగ్రెస్‌కు ఎదురు నిలబడ్డారు, కూతురు అదే పార్టీలో, అది కూడా ప్రజా సమితిని కాంగ్రెస్‌లో కలిపేసిన చెన్నారెడ్డి కేబినెట్‌లో మంత్రి. ఇంట్లో ఈ విషయం మీద ఏం మాట్లాడుకున్నారో తెలుసుకోవాలని ఏ విలేకరికైనా ఉంటుంది.

1991 ఫిబ్రవరి 24న ఈశ్వరీబాయి కన్నుమూశారు. వయసు 72. చుండూరు ఘటన జరిగింది ఆ ఏడాది ఆగస్టులో. ఆమె ఉండి ఉంటే ముందు రైలెక్కేవారిలో ఉండేవారు.

వచ్చే డిసెంబర్ 1న చిలకలగూడ వెళ్లాలని నేను, మా డెస్క్‌లో ఇంకో ఇద్దరం అనుకున్నాం. ఫోన్ కెమెరా, ఒక కాలర్ మైక్, అంతే. గీతా విద్యాలయంలో చదువుకున్న పెద్దవాళ్లు గానీ, 1967లో, 1972లో ఎల్లారెడ్డి ప్రచారంలో తిరిగిన వాళ్లు గానీ మీ ఇంట్లో ఉంటే, మేం వచ్చేదాకా ఆగొద్దు. ఫోన్ తీసి, టేబుల్ మీద నిలబెట్టి, రికార్డ్ నొక్కి, ముందు బడి గురించి అడగండి. రాజకీయం తర్వాత దానంతటదే వస్తుంది.